రెండు వేళ్ల వదులు

బొబ్బిలి కాంప్లెక్సు వెనకాల, ఇంకా చీకటుండగానే
బానెట్టెత్తి, టార్చి పళ్లతో కరిచిపట్టి
వంగున్నాను.
నిన్న సాయంత్రం నుంచీ రివర్సు గేరు
ఎండు చేప నమిలినట్టు కరకరమంటోంది.
పాత మారుతి. లక్షా నలభై వేలు తిరిగింది,
సగం పైన నేర్చుకునేవాళ్ల కాళ్లకిందే.

క్లచ్ కేబులంటే ఏముంది,
ఇనప పోగులు పేనిన తాడు.
గేర్‌బాక్సు పక్క కొసన మూడు పోగులు తెగి
నూనె రాయించుకోని గుంటడి జుట్టులా లేచి నిలబడ్డాయి.
ఒకటి బ్యాంకు కేషియరుగారిదే అయ్యుండాలి,
కాలు తీస్తే కారు పారిపోతుందన్నట్టు
సాలూరు దాకా పెడల్ మీంచి తియ్యలేదాయన.
ఇంకోటి ఆ డిగ్రీ కుర్రాడిది,
తొక్కడం కంటే వదలడమే గట్టిగా చేసేవాడు.
మూడోది ఎవరిదో నాకు తెలుసు.
తర్వాత చెప్తాను.

మరలు ఎంతో మిగల్లేదు. నాలుగు చుట్లు, మహా అయితే.
పని నేర్పిన దాలినాయుడు అనేవాడు,
"బిగించీడం ఎవుడైనా బిగించెత్తాడు బావూ,
పెడల్‌కి రెండేళ్ల వదులుండాల."
ఫ్యాను బెల్టుకి పోగా ఆయన కుడిచేతికి మిగిలినవి మూడు.
అందులో రెండు పెట్టి కొలిచేవాడు.
ఇవాళ నేను కొలవలేదు.
టెస్టులో గేరు అరిస్తే పరువు పోతుందని
నాలుగు చుట్లూ తిప్పేశాను.

టెస్టు నూకరత్నానిది.
పదకొండేళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి.
రెడీమేడ్ కొట్లొచ్చాక మిషను మీద ఇస్త్రీ బట్టలు పేర్చుకుంది.
లైసెన్సు తెస్తే చెత్త బండి ఇస్తామని
మునిసిపాలిటీలో అన్నారట.

రామభద్రపురం జంక్షన్లో, వంకాయ బస్తాల లారీ వెనక ఆగి
నా వైపు చూసింది.
"ఏటి సేసినారు మేస్టారూ దీన్ని?
కాలు పెట్టీసరికే పట్టెత్తంది.
బెల్టు బిగించీసిన మిసన్లాగుంది. దారం తెగిపోద్ది."
"నువ్వు నడుపమ్మా" అన్నాను.
ఇరవై రెండేళ్లుగా నేర్పుతున్నవాణ్ణి,
నాకు చెప్తుందా.

గజపతినగరం ఇంకా రాలేదు, వాసనొచ్చింది.
కాలిన ప్లేటు వాసన,
మాడిన చింతగింజల్లా ఉంటుంది, ఒకసారి పీలిస్తే మరిచిపోరు.
నాకు ముక్కుకి తెలిసేసరికి
ఆవిడ కాలికి తెలిసి ఎనిమిది మైళ్లయింది.

చింత చెట్టు నీడన ఆపించాను.
కేబులు మెలిపడకుండా పట్టకారుతో ఆవిడ పట్టుకుంటే
స్పానరేసి వెనక్కి తిప్పాను. ఒక చుట్టు. మళ్లీ ఒకటి.
లోపలికెళ్లి చేత్తో పెడల్ నొక్కి చూసింది,
సూది దిగిన మచ్చలున్న రెండు వేళ్లతో.
"ఇంకాసింత."
అర చుట్టు.
"సాలండి."
నేను వేళ్లు పెట్టి చూళ్లేదు.

విజయనగరం గ్రౌండులో రివర్సు గేరు ఒకసారి కరకరమంది.
ఇన్స్పెక్టరు తలెత్తాడు.
ఆవిడ కంగారు పడలేదు, పూర్తిగా తొక్కి,
మిషను చక్రం ఆగేదాకా ఆగినట్టు ఆగి
నెమ్మదిగా వేసింది. పడింది.

పాసైన కాగితం డాష్‌బోర్డు మీద పెట్టి
తిరుగుదారి తనే నడిపింది.
"సీటుకింద ఆ పేకెట్టేటండి?"
కొత్త కేబులు. కొని నాలుగు నెలలు.
"మరెయ్యలేదేటి?"
ఏం చెప్పను,
ఇది తెగలేదు కదా అని.

మూడో పోగు సంగతి చెప్తానన్నాను.
నా వైపూ ఒక పెడల్ ఉంది, నేర్పేవాడి కోసం.
అవసరం లేకపోయినా దాని మీదే నా కాలు ఎప్పుడూ.
రామభద్రపురం దాటాక చూసుకున్నాను,
అప్పటికీ అక్కడే ఉంది.
తీసి, చెప్పులో పెట్టుకున్నాను.
బండి తేడా ఏమీ పడలేదు.